పంపు రూము గోడ మీద తెలుగు పాఠం

మన కాలేజీలో వీకెండ్ ప్లాన్ అంటే ఇప్పుడు ఒకటే మాట: "ఫామ్‌హౌస్ బుక్ చేద్దాం, పూల్ ఉందా?" ఔటర్ రింగు రోడ్డు పక్కన కోహెడ నుంచి ఇబ్రహీంపట్నం దాకా రోజువారీ అద్దెకిచ్చే తోటలు చాలానే ఉన్నాయి. మనం వెళ్తాం, దూకుతాం, ఫోటోలు దిగుతాం, వచ్చేస్తాం. ఆ నీళ్లు అంత నీలంగా ఎట్లా ఉన్నాయని ఎప్పుడన్నా ఆలోచించామా? నేనైతే ఆలోచించలేదు. ఆ నీళ్లను చూసుకునే మనిషి మా సొంత చిన్నాయన అయినా సరే.

మా చిన్నాయన కోహెడలో ఒక తోటకి వాచ్‌మెన్. చెట్లకి నీళ్లు పెట్టడం, గేటు తీయడం, పూల్ కడగడం అన్నీ ఆయనే. పోయిన మే నెలాఖరులో ఒక రాత్రి గాలిదుమారం లేచింది. మా దగ్గర ఎండాకాలం గాలివాన సంగతి తెలిసిందే. 2020లో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ని కొన్నాళ్లు కోహెడకి మార్చినప్పుడు, మే నెలలో వచ్చిన గాలివానకి అక్కడి షెడ్లే కూలిపోయాయి. పోయిన ఏడు షెడ్లు కూలలేదు కానీ, పూల్ నిండా వేపాకు, దుమ్ము, పుల్లలు పడ్డాయి. మూడో రోజుకి నీళ్లు పచ్చబడ్డాయి. శనివారం గెస్టులు వస్తున్నారని ఫోన్. చిన్నాయన తొందర తొందరగా పంపు రూములోకి దిగి, ఒక బకెట్లో యాసిడ్ పోశాడు. ఆ బకెట్ అడుగున అంతకు ముందు కలిపిన క్లోరిన్ పౌడర్ మిగిలి ఉంది.

పసుపుపచ్చ పొగ. దగ్గు. కళ్లల్లో మంట. తలుపు తెరిచి ఉంది కాబట్టి పైకి పాక్కుంటూ వచ్చాడు. ఒక రాత్రంతా ఆక్సిజన్ మీద ఉన్నాడు. తెల్లారి నేను పోయి, ఏం జరిగిందో విని, "అది క్లోరిన్ గ్యాస్ చిన్నాయనా, ఆ రెండూ కలపొద్దు. ఇంటర్‌లోనే మాకు ఉంది" అన్నాను. ఆయన కాసేపు నన్ను చూసి, "మరి నాకెన్నడు చెప్పకపోతివి బిడ్డా" అన్నాడు.

కోపంగా అనలేదు. అందుకే ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆ డబ్బాల మీద హెచ్చరిక ఉంది, కానీ ఇంగ్లిష్‌లో. మా చిన్నాయన తెలుగు బాగా చదువుతాడు. ఈ వ్యాసం ఆ రోజు నేను చెప్పాల్సింది. మిత్రులారా, మీ ఇంట్లోనో, మీ చుట్టాల్లోనో, మీరు బుక్ చేసే ఫామ్‌హౌస్‌లోనో ఇట్లాంటి మనిషి ఒకరుంటారు. ఆయన కోసం చదవండి.

మొదటి లెక్క: నీళ్లెన్ని?

మందు ఎంత వేయాలో తెలియాలంటే ముందు నీళ్లెన్నో తెలియాలి. మా చిన్నాయన పూల్ 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు. ఒక చివర లోతు 1 మీటరు, ఇంకో చివర 1.5 మీటర్లు. అడుగు ఒకే వాలుగా ఉంది కాబట్టి సగటు లోతు 1.25 మీటర్లు. మూడూ గుణిస్తే 40 ఘనపు మీటర్లు, అంటే 40,000 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది.

ఇక మనం పీపీఎం అనేది చాలా తేలికైన మాట. వెయ్యి లీటర్ల నీళ్లలో ఒక గ్రాము వేస్తే 1 పీపీఎం. కాబట్టి ఈ పూల్‌లో క్లోరిన్‌ని 1 పీపీఎం పెంచాలంటే 40 గ్రాముల అసలు క్లోరిన్ కావాలి. మనం కొనే పౌడర్ మొత్తం క్లోరిన్ కాదు. కాల్షియం హైపోక్లోరైట్ డబ్బా మీద 65 శాతం అని ఉంటే, 40ని 0.65తో భాగించాలి: సుమారు 62 గ్రాములు. అంతే. "ఒక మగ్గు, రెండు మగ్గులు" అన్న కొలత ఇక్కడ పనికిరాదు. వంటింట్లో వాడే చిన్న డిజిటల్ తూకం ఒకటి పంపు రూములో ఉంటే సగం సమస్యలు తీరతాయి.

నీళ్లు నిలవొద్దు, తిరగాలి

నిలిచిన నీళ్లకి నాచు పడుతుందని మన ఊళ్లో ఎవరికైనా తెలుసు. పూల్‌లో నీళ్లని తిప్పే పని పంపుది, వడకట్టే పని ఇసుక ఫిల్టర్‌ది. మొత్తం నీళ్లు ఒకసారి ఫిల్టర్ గుండా పోవడానికి 6 నుంచి 8 గంటలు పట్టేట్టు పంపు ఉండాలి. 40,000ని 8తో భాగిస్తే గంటకి 5,000 లీటర్లు. మీ పంపు దీనికన్నా చిన్నదైతే, ఎన్ని మందులు వేసినా నీళ్లు మసకగానే ఉంటాయి.

ఫిల్టర్ మీద ఒక ప్రెషర్ గేజ్ ఉంటుంది. ఫిల్టర్ కడిగిన వెంటనే అది ఎంత చూపిస్తుందో గోడ మీద రాసి పెట్టుకోండి. ఇసుకలో మురికి పట్టే కొద్దీ ముల్లు పైకి జరుగుతుంది. మొదటి అంకె కంటే 8 నుంచి 10 పీఎస్‌ఐ పెరిగితే బ్యాక్‌వాష్ చేయాలి. అంటే నీళ్లని ఉల్టా పంపి ఇసుకని కడగడం. ఇక్కడ ఒక జాగ్రత్త: పంపు ఆపకుండా వాల్వ్ పిడి తిప్పొద్దు, లోపలి సీలు పాడవుతుంది. అట్లాగని రోజూ బ్యాక్‌వాష్ చేయక్కర్లేదు. ఇసుకలో కొంచెం మురికి ఉన్నప్పుడే ఫిల్టర్ ఇంకా సన్నగా వడకడుతుంది.

ఫిల్టర్ చేయలేని పనులు చేతితో చేయాలి. రోజూ జాలితో ఆకులు తీయడం, వారానికి ఒకసారైనా గోడలు, మెట్లు, మూలలు బ్రష్‌తో రుద్దడం, అడుగున పేరుకున్న మట్టిని వాక్యూమ్ పైపుతో లాగడం. నీటి మట్టం స్కిమ్మర్ నోటికి సగం దాకా ఉండాలి. అంతకంటే తగ్గితే పంపు గాలి పీల్చి కాలిపోతుంది.

క్లోరిన్‌కి తోడు పీహెచ్

క్లోరిన్ నీళ్లలో రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి హైపోక్లోరస్ ఆమ్లం, ఇంకోటి హైపోక్లోరైట్ అయాన్. క్రిముల్ని వేగంగా చంపేది మొదటిది. రెండోది చాలా బద్ధకం. ఏది ఎంత ఉండాలో నిర్ణయించేది పీహెచ్. 7.5 దగ్గర సుమారు చెరి సగం. 7.2 దగ్గర మూడింట రెండు వంతులు పనిచేసే రూపంలో ఉంటుంది. 8కి పోతే నాలుగో వంతే మిగులుతుంది. అంటే పీహెచ్ 8 ఉన్న పూల్‌లో మీరు నాలుగు రూపాయల క్లోరిన్ వేస్తే మూడు రూపాయలు కూర్చుని చూస్తుంటాయి.

అందుకే పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య, క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం మధ్య ఉంచాలంటారు. టెస్ట్ కిట్‌లో రెండు చిన్న గొట్టాలుంటాయి. ఒకదాంట్లో ఫినాల్ రెడ్ చుక్కలు వేస్తే రంగుని బట్టి పీహెచ్ తెలుస్తుంది. ఇంకోదాంట్లో క్లోరిన్. నీళ్లు పైపైన కాకుండా మోచేయి లోతు నుంచి తీసుకోవాలి, నీళ్లు వచ్చే పైపు పక్కన తీసుకోవద్దు. గెస్టులున్న రోజు కనీసం రెండుసార్లు చూడాలి.

1 పీపీఎం క్లోరిన్, పీహెచ్ 7.5 ఉన్న నీళ్లలో ఈ.కోలై లాంటి బ్యాక్టీరియా నిమిషంలోపు చస్తుంది. హెపటైటిస్ ఎ వైరస్‌కి 16 నిమిషాలు, జియార్డియాకి 45 నిమిషాలు. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవికి మాత్రం పది రోజులు దాటుతుంది. విరేచనాలు ఉన్నవాళ్లు పూల్‌లో దిగొద్దు అనే నియమం వెనక ఉన్న లెక్క ఇదే. క్లోరిన్ దేవుడు కాదు. 2024 మే నుంచి జులై మధ్య కేరళలో అమీబా వల్ల వచ్చే మెదడువాపుతో ముగ్గురు పిల్లలు చనిపోయారు. ఆ అమీబా వెచ్చటి మంచినీళ్లలో బతుకుతుంది, ముక్కు ద్వారా లోపలికి పోతుంది. సరిగ్గా క్లోరిన్ ఉన్న పూల్‌లో అది బతకలేదు. "నీళ్లు క్లియర్‌గానే ఉన్నాయి కదా" అని మందు మానేసిన పూల్‌కీ, సరైన పూల్‌కీ కంటికి తేడా తెలియదు. టెస్ట్ కిట్‌కి తెలుస్తుంది.

ఎండ, వాసన, బోరు నీళ్లు

మన ఎండలో క్లోరిన్ నిలవదు. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు దాన్ని విరగ్గొడతాయి. నేరుగా ఎండ తగిలితే గంటలోపే సగం పోతుంది. అందుకే మామూలు పౌడర్ పొద్దుగూకాక వేయాలి. సయన్యూరిక్ ఆమ్లం అనే మందు క్లోరిన్‌కి గొడుగులా పనిచేస్తుంది, 30 నుంచి 50 పీపీఎం చాలు. కానీ గొడుగు ఎక్కువైతే క్లోరిన్ పని కూడా మందగిస్తుంది. పూల్‌లో వేసే ట్రైక్లోర్ బిళ్లల్లో ఈ ఆమ్లం ముందే ఉంటుంది. బిళ్లలే ఏళ్ల తరబడి వాడితే అది పెరుగుతూ పోతుంది, తగ్గించాలంటే కొంత నీళ్లు మార్చడం తప్ప మామూలుగా దారి లేదు. "బిళ్లలు వేస్తూనే ఉన్నా, నాచు మళ్లీ వస్తోంది" అని ఎవరైనా అంటే ముందు దీన్నే అనుమానించాలి.

ఇంకో భ్రమ వాసన గురించి. ఘాటు వాసన వస్తే "క్లోరిన్ బాగా వేశారు" అనుకుంటాం. నిజానికి ఆ వాసన చెమట, మూత్రంతో కలిసి క్లోరిన్ క్లోరమైన్లుగా మారినప్పుడు వస్తుంది. కళ్లు మండేది ఎక్కువగా వీటి వల్లే. అంటే వాసన వచ్చే పూల్‌లో చాలాసార్లు క్లోరిన్ ఎక్కువ కాదు, తక్కువ. మందు ఆయన వేస్తాడు, దిగే ముందు స్నానం చేయాల్సింది మాత్రం మనం.

మన వైపు పూల్ నింపేది ఎక్కువగా బోరు నీళ్లతో. ఈ నీళ్లు చాలాచోట్ల గట్టివి. గీజర్ కాయిల్ మీద తెల్లగా పేరుకునేదే పూల్ టైల్స్ మీద కూడా పేరుకుంటుంది. పీహెచ్ పెరిగితే ఇంకా తొందరగా. మెత్తటి పొడి సున్నంలా నీళ్లు పాలిపోతే మందు తక్కువైందని క్లోరిన్ పౌడర్ ఇంకా వేస్తారు, దాంట్లోనూ కాల్షియమే ఉంటుంది. అప్పుడు చేయాల్సింది పీహెచ్ తగ్గించడం. ఇక ఆల్కలినిటీ 80 నుంచి 120 పీపీఎం ఉంటే పీహెచ్ గంతులు వేయకుండా నిలబడుతుంది. అది తగ్గితే కావాల్సింది మన వంటసోడాయే. మన 40,000 లీటర్లలో 10 పీపీఎం పెంచడానికి సుమారు 670 గ్రాములు.

పచ్చబడిన పూల్‌ని తిరిగి తెచ్చేది ఎట్లా?

ఆ రోజు చిన్నాయన చేయాల్సిన పని వరుసగా ఇది. ముందు గేటు మూసి, ఎవరినీ దిగనివ్వకూడదు. అడుగు కనిపించని నీళ్లలో మనిషి మునిగినా కనిపించడు. లోతు వైపు అడుగున ఉన్న డ్రెయిన్ జాలీ ఒడ్డు మీద నిలబడితే స్పష్టంగా కనబడకపోతే, ఆ పూల్ మూసేయాల్సిందే.

తర్వాత ఆకులు తీయాలి. కుళ్లే ఆకులున్నంత సేపు క్లోరిన్ వాటి మీదే ఖర్చవుతుంది. గోడలు రుద్దాలి. పీహెచ్ చూసి 7.2 దగ్గరికి తేవాలి. యాసిడ్ వేస్తే పంపు నడుపుతూ కొన్ని గంటలు ఆగాలి. పొద్దుగూకాక క్లోరిన్‌ని ఒకేసారి 10 పీపీఎం దాకా పెంచాలి: 400 గ్రాముల అసలు క్లోరిన్, అంటే 65 శాతం పౌడర్ సుమారు 615 గ్రాములు. రాత్రంతా, మర్నాడంతా పంపు నడపాలి. గేజ్ పెరిగినప్పుడల్లా బ్యాక్‌వాష్. పచ్చదనం పోయి బూడిద రంగు తేలితే నాచు చచ్చిందని అర్థం.

ఆ చచ్చిన నాచుని దింపడానికి పటిక వాడతారు. ఇది మనకి కొత్త కాదు. వెనకటికి మన ఇళ్లల్లో బురద నీళ్ల కుండ లోపల చిల్లగింజ అరగదీసేవాళ్లు. నీళ్లలో తేలే సన్నటి మట్టి రేణువులు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. పటికైనా, చిల్లగింజైనా వాటిని కలిపి ముద్దలుగా చేసి కిందికి దింపుతాయి. రాత్రి పంపు ఆపి, తెల్లారి అడుగున దిగినదాన్ని నెమ్మదిగా వాక్యూమ్‌తో బయటికి పంపాలి, ఫిల్టర్‌లోకి కాదు. ఇదంతా రెండు మూడు రోజుల పని. శుక్రవారం ఫోన్ చేసి శనివారానికి నీలం రంగు కావాలంటే కుదరదు. ఆ తొందరే మనుషుల్ని బకెట్ల దగ్గర తప్పులు చేయిస్తుంది.

కలపకూడనివి

ఇది మాత్రం బట్టీ పట్టండి. క్లోరిన్ పౌడర్‌కి యాసిడ్ తగిలితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలో ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం ఫ్రెంచి సైనికుల మీదికి వదిలింది ఈ వాయువునే. ఇది గాలికంటే సుమారు రెండున్నర రెట్లు బరువు. కాబట్టి పైకి పోదు, కిందే నిలుస్తుంది. మన పంపు రూములు ఎక్కడుంటాయి? నాలుగు మెట్లు దిగి, గుంతలో. అదే ప్రమాదం.

ట్రైక్లోర్ బిళ్లలు, కాల్షియం హైపోక్లోరైట్ రెండూ క్లోరిన్ మందులే కదా అని ఒకే డబ్బాలో, ఒకే చెంచాతో కలిపినా ముప్పే. మంట లేవొచ్చు, పేలొచ్చు. పౌడర్ కలిపేటప్పుడు ముందు బకెట్ నిండా నీళ్లు, తర్వాత పౌడర్. యాసిడ్ అయినా అంతే: నీళ్లలో యాసిడ్, యాసిడ్‌లో నీళ్లు కాదు.

ఒకవేళ గ్యాస్ వస్తే బకెట్ సంగతి వదిలేసి, గాలి వచ్చే వైపుకి, ఎత్తు మీదికి పోవాలి. తడిసిన బట్టలు విప్పేసి, కళ్లు కనీసం 15 నిమిషాలు మంచినీళ్లతో కడగాలి. 108కి ఫోన్ చేయాలి. "దగ్గు తగ్గింది, ఏం గాదు" అని ఇంట్లో పడుకోవద్దు. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కొన్ని గంటల తర్వాత మొదలు కావొచ్చు. లోపల పడిపోయిన మనిషి కోసం ఇంకొకరు ఊరికే దిగితే ఇద్దరు పడిపోతారు.

ఇంకో రెండు సంగతులు. అడుగున డ్రెయిన్ జాలీ విరిగి ఉంటే పంపు లాగే బలానికి మనిషి అతుక్కుపోతాడు. అమెరికాలో 2002లో వర్జీనియా గ్రేమ్ బేకర్ అనే ఏడేళ్ల పాప ఇట్లాగే చనిపోయింది. ఆ పాప పేరుతోనే 2007లో అక్కడ చట్టం వచ్చింది. జాలీ లేని పూల్‌లో పంపు నడవకూడదు. రెండోది కరెంటు. నీళ్లలోని లైట్లు 12 వోల్టులవే ఉండాలి, పంపు లైనుకి ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. బుక్ చేసే ముందు రేటుతో పాటు ఇది కూడా అడగండి.

నీళ్ల లెక్క

8 మీటర్లు, 4 మీటర్లు: పై వైశాల్యం 32 చదరపు మీటర్లు. మట్టం ఒక్క మిల్లీమీటరు తగ్గితే 32 లీటర్లు పోయినట్టు. ఎండాకాలం కొంత ఆవిరి ఎట్లాగూ పోతుంది. కానీ లీకు ఉందా అని తెలుసుకోవాలంటే ఒక బకెట్ చాలు. బకెట్‌ని నీళ్లతో నింపి పూల్ మెట్టు మీద పెట్టి, లోపలి మట్టం, బయటి మట్టం గీత గీయండి. పంపు ఆపి, ఒక రోజు తర్వాత చూడండి. రెండూ సమానంగా తగ్గితే ఆవిరి. పూల్ ఎక్కువ తగ్గితే లీకు. పక్క ఊరు ట్యాంకర్ కోసం ఎదురుచూసే నెలల్లో ఈ ఒక్క పరీక్ష చేయడం మన మర్యాద. సరిగ్గా చూసుకున్న పూల్‌ని ఏటా ఖాళీ చేయక్కర్లేదు.

గోడ మీద రాసింది

చిన్నాయన తిరిగి పనిలోకి వచ్చిన రోజు నేను ఒక మార్కర్, ఒక పెద్ద అట్ట తీసుకుపోయాను. ఇద్దరం కూర్చుని రాశాం. నేను "హైపోక్లోరైట్" అని రాయబోతే ఆయన, "గట్ల గాదు, తెల్ల డబ్బా అని రాయ్" అన్నాడు. అట్లాగే రాశాం:

1. పొద్దున, సాయంత్రం నీళ్లు పరీక్ష చేయాలి. పీహెచ్ 7.2 నుంచి 7.8. క్లోరిన్ 1 నుంచి 3.
2. తెల్ల డబ్బా పౌడర్ 62 గ్రాములు వేస్తే క్లోరిన్ 1 పెరుగుతది. తూకం వేసే వేయాలి.
3. తెల్ల డబ్బాకి తెల్ల బకెట్. యాసిడ్‌కి ఎర్ర బకెట్. మారొద్దు.
4. యాసిడ్ పొద్దున, పౌడర్ రాత్రి. రెండూ ఒక్కపారి వద్దు.
5. ముందు నీళ్లు, తర్వాత మందు. పంపు రూములో కలపొద్దు, బయట కలపాలి.
6. ముల్లు 10 నుంచి 18కి వస్తే బ్యాక్‌వాష్. పంపు ఆపినాకనే పిడి తిప్పాలి.
7. అడుగు జాలీ కనబడకపోతే గేటుకి తాళం. ఓనర్ చెప్పినా, గెస్టు చెప్పినా.
8. పొగ వస్తే పైకి ఉరకాలి. 108.

ఏడోది ఆయనే రాయించాడు. యాసిడ్ డబ్బాని వేరే గదిలోకి మార్చాం. బకెట్లకి రంగు వేశాం. ఖర్చు మూడు వందలు కూడా కాలేదు.

మన క్లబ్బులో తెలుగెందుకు అని ఎవరో ఒకరు ప్రతి ఏడూ అడుగుతారు. పద్యాలు, కథలు సరే. నాకు ఇప్పుడు ఇంకో జవాబు కూడా ఉంది. మనం నాలుగేళ్లు ఇంగ్లిష్‌లో చదివేది, ఆ పని నిజంగా చేతులతో చేసే మనిషి దగ్గరికి తెలుగులోనే చేరాలి. చేర్చేవాళ్లం మనమే. ఈసారి ఫామ్‌హౌస్‌కి పోయినప్పుడు దూకే ముందు పంపు రూము గోడ ఒకసారి చూడండి. ఖాళీగా ఉంటే, పైన ఉన్న ఎనిమిది వాక్యాలు మీ పూల్ కొలతలకి మార్చి రాసిచ్చి రండి.

చిన్నాయన ఇప్పుడు బాగానే ఉన్నాడు. మెట్లెక్కితే కొంచెం ఆయాసం వస్తుందంటాడు. ఈ వ్యాసం ఆయనకి చదివి వినిపించాను. అంతా విని, "బకెట్ల రంగు ఎండకు పోతున్నది, మళ్ల వేయాలె" అన్నాడు. వచ్చే ఆదివారం పోతున్నాను.